చోటెక్కడుంది అన్నది నేనే

డిసెంబర్ 24, క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం పరకాల నుంచి చిన్నమ్మ వాళ్లు దిగారు, మొత్తం ఆరుగురు. హనుమకొండలో మాది రెండు గదుల ఇల్లు. "ఇంతమందికి చోటెక్కడుందే అమ్మా" అని వంటింట్లో గొణిగాను. అమ్మ ఏమీ అనలేదు. ఒక చూపు చూసి మళ్లీ గరిజెలు ఒత్తుకుంటూ కూర్చుంది.

రాత్రి ఆరాధనలో పాస్టర్ గారు లూకా సువార్త 2వ అధ్యాయం చదివారు. సత్రంలో చోటు లేక మరియమ్మ బిడ్డ యేసును పశువుల తొట్టిలో పడుకోబెట్టింది. చిన్నప్పటి నుంచి వింటున్నదే, ఈసారి మాత్రం నా వైపు చూసి చదివినట్టే అనిపించింది. ఆ పుట్టుక వార్త ముందు చేరింది కూడా హేరోదు రాజుకు కాదు, రాత్రిపూట మంద కాసే కాపరులకు. మా వైపు చలిలో గొంగడి కప్పుకుని మంద దగ్గర కావలి పడుకునే గొల్లకురుమల్లాంటి వాళ్లకన్నమాట. (మేడ మీద స్టార్ కట్టడానికి నేను పెట్టిన రెండు గంటలు గుర్తొచ్చి సిగ్గేసింది.) యేసుకున్న మరో పేరు ఇమ్మానుయేలు అంటే దేవుడు మనకు తోడు అని అర్థం. ఆ తోడు మా ఇంటికి ఆరుగురిగా, రెండు సంచులతో వచ్చిందేమో.

ఇంటికొచ్చేసరికి ఒంటిగంట దాటింది. నా మంచం చిన్నమ్మకిచ్చి హాల్లో చాప వేసుకున్నాను. పక్కన తమ్ముడు తెల్లారేదాకా దుప్పటి లాగుతూనే ఉన్నాడు.