ఇల్లందు ఫలితాల పట్టికలో గుమ్మడి నర్సయ్య

పాత ఎన్నికల ఫలితాల పట్టికలు తిరగేయడం నాకు అలవాటు. ఖమ్మం ప్రాంతంలోని ఇల్లందు అసెంబ్లీ నియోజకవర్గం దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ కాసేపు ఆగిపోతాను. 1983లో రాష్ట్రమంతటా ఎన్.టి. రామారావు గాలి వీస్తుండగా, గిరిజనులకు రిజర్వు చేసిన ఈ స్థానంలో గెలిచిన అభ్యర్థి గుమ్మడి నర్సయ్య. పార్టీ గడిలో ఉన్న మాట ‘స్వతంత్ర’. 1985లోనూ అదే వరుస. కాంగ్రెస్ తిరిగి అధికారంలోకి వచ్చిన 1989లోనూ అదే పేరు.

నిజానికి ఆ ‘స్వతంత్ర’ అన్న మాట సగం అబద్ధం. ఆయన వెనుక ఒక విప్లవ పార్టీ ఉంది, ఆ తరువాత సీపీఐ (ఎంఎల్) న్యూడెమోక్రసీగా పేరు స్థిరపడిన మార్క్సిస్టు లెనినిస్టు వర్గం అది. ఎన్నికల సంఘం గుర్తింపు లేని పార్టీ కనుక, పెద్ద పార్టీలకు ఉన్నట్టు శాశ్వతమైన గుర్తు ఉండదు. స్వతంత్రులకు కేటాయించే గుర్తుల్లోంచి దొరికినదాన్ని తీసుకుని, దాన్ని గూడెం గూడేనికీ మోసుకెళ్లి, చదువు రాని ఓటరుకు సైతం గుర్తుండేలా చెప్పుకోవాలి. సైకిలు గుర్తేమో తెలుగుదేశానిది, ఊళ్లలో నిజంగా సైకిలు తొక్కుకుంటూ తిరిగిన శాసనసభ్యుడేమో ఈయన.

ఆ ఓట్లు ఎక్కడివి అన్న ప్రశ్నకు నాకు తోచే జవాబు తునికాకు, అంటే బీడీలు చుట్టే ఆకు. ఎండాకాలంలో తెల్లవారకముందే అడవిలోకి వెళ్లి, ఆకు కోసుకొచ్చి, యాభై ఆకులకొక కట్ట కట్టి, కల్లంలో అప్పగించే కోయ కుటుంబానికి ఆ కట్ట ధరలో పెరిగే ప్రతి పైసా లెక్కే. ఆ ధర కోసమూ, పోడు భూముల కోసమూ ఏళ్ల తరబడి వాళ్ల పక్షాన నిలబడి కొట్లాడిన పార్టీకి ఎన్నికలప్పుడు కొత్తగా పరిచయం చేసుకోవలసిన అవసరం రాలేదు. ఆర్టీసీ బస్సులో అసెంబ్లీకి రావడం, జీతం పార్టీకి ఇచ్చేయడం గురించే పత్రికలు ఎక్కువగా రాస్తాయి గానీ, నిరాడంబరత ఒక్కటే అయిదుసార్లు గెలిపించిందంటే నేను నమ్మను.

1994లో మాత్రం తెలుగుదేశం, వామపక్షాలు కలిసి పోటీ చేయడంతో సీటు సీపీఐకి చెందిన ఊకె అబ్బయ్యకు వెళ్లింది. నర్సయ్య 1999లో దాన్ని తిరిగి తెచ్చుకుని, 2004లో నిలబెట్టుకున్నారు. 2009లో మళ్లీ అబ్బయ్యే గెలిచారు, ఈసారి తెలుగుదేశం అభ్యర్థిగా.

ఆ ఎన్నిక నాటికి నియోజకవర్గాల పునర్విభజన కూడా జరిగిపోయింది. నేటి ఇల్లందులోని మండలాలు కొత్త జిల్లాల లెక్కలో భద్రాద్రి కొత్తగూడెం, మహబూబాబాద్, ఖమ్మం మధ్య చెదిరి ఉన్నాయి. 2014, 2018, 2023 ఎన్నికల వరుసలు చూస్తే మూడింటిలోనూ పార్టీ గడిలో కనిపించేది కాంగ్రెస్సే.