ఎక్స్‌ట్రా టైమ్ కోసం రైలు ఆగదు

మా అక్క కొడుక్కి అప్పుడు పదహారేళ్లు. తెల్లారకుండానే ఆంధ్రా యూనివర్సిటీ గ్రౌండుకి పోయి ఫుట్‌బాల్ ఆడటం, బురద బూట్లు తెచ్చి గుమ్మంలో పడేసి అక్క చేత తిట్లు తినడం, ఇదీ వాడి దినచర్య. 2022 ఆగస్టు మొదట్లో ఓ సాయంత్రం వచ్చి "మావయ్యా, భువనేశ్వర్‌లో శాఫ్ అండర్-20 ఫైనల్, ఇండియా బంగ్లాదేశ్, ఎల్దామేటి?" అన్నాడు. నాకు ఫుట్‌బాల్ అంటే నాలుగేళ్లకోసారి టీవీలో ప్రపంచకప్ చూడటమే. మా వైజాగ్‌లో ఎవరైనా స్టేడియం అన్నారంటే పీఎం పాలెం క్రికెట్ స్టేడియమే, వేరే అర్థం లేదు. సరే, రైల్లో ఏడు గంటల ప్రయాణమే కదా అని ఒప్పుకున్నాను.

ఆగస్టు 5 శ్రావణ శుక్రవారం అని నాకు తట్టలేదు. అక్కకి తట్టింది. ఇంట్లో పూజ పెట్టుకుని బంతాట కోసం ఊళ్లు తిరుగుతారా అని ఇద్దరినీ కలిపి దులిపింది. నైవేద్యం పెట్టకుండా పులిహోర కట్టివ్వనంది, కట్టకుండా పంపడానికి మనసొప్పలేదు, చివరికి మూడున్నరకి లేచి పూజ ముగించి స్టీలు డబ్బా నిండా కూరి చేతిలో పెట్టింది. "డబ్బా జాగ్రత్తరా" అని మూడుసార్లు చెప్పింది.

విజయవాడ వైపు నుంచి వచ్చే రైళ్లకి మా స్టేషన్లో ఇంజను ముందు నుంచి తీసి వెనక తగిలిస్తారు. రైలు వచ్చిన దారినే బయల్దేరేసరికి, కొత్తగా వచ్చినవాళ్లు వెనక్కి పోతున్నామని కంగారు పడతారు. మా ఎదురు సీటు పెద్దాయన కూడా పడ్డారు. విజయనగరం దాటే వరకు నేను చెప్పింది నమ్మలేదాయన.

దారిలో మా వాడు పాఠం చెప్పాడు. దక్షిణాసియా దేశాల కుర్రాళ్ల టోర్నీ అట, ఆ ఏడాది ఇండియా, బంగ్లాదేశ్, నేపాల్, మాల్దీవులు, శ్రీలంక ఆడాయి, అందరితో అందరూ ఆడాక పైనున్న ఇద్దరికి ఫైనల్. మనం నేపాల్ మీద 8-0తో గెలిచాం కానీ ఇదే బంగ్లాదేశ్ చేతిలో 2-1తో ఓడిపోయాం. అందుకే వీడికి టెన్షన్. కోచ్ పేరు షణ్ముగం వెంకటేశ్ అని చూసి "మనోడేనా?" అని నా ఫోన్లో వెతికాడు కూడా. బెంగళూరు ఆయన. అప్పుడు నాకు తెలిసిన ఒకే ఒక్క ఫుట్‌బాల్ సంగతి బయటపెట్టాను: 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు నాలుగో స్థానంలో నిలిచారు, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకం కొట్టారు, రెండింటికీ కోచ్ హైదరాబాద్ రహీం. వాడు "నిజమా?" అని నోరు తెరిచాడు. పలాసలో జీడిపప్పు కొన్నాం. చిలకా సరస్సు పట్టాల పక్కనే అంత దూరం వస్తుంటే చూడమని లేపితే వాడు లేవలేదు.

కళింగ స్టేడియం గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు స్టీలు డబ్బా లోపలికి కుదరదన్నారు. ఎదురుగా దహీబరా ఆలూదమ్ అమ్ముతున్న ఆయన దగ్గర చెరో దొన్నె తిని (పెరుగు గారెల మీద కారంగా ఆలూ కూర పోస్తారు, వినడానికి ఎలా ఉన్నా తిన్నాక వదలబుద్ధి కాదు), డబ్బా ఆయనకే అప్పజెప్పి లోపలికి పోయాం.

కూర్చున్నామో లేదో, మొదటి నిమిషంలోనే పెనాల్టీ, గుర్‌కీరత్ సింగ్ గోల్. ఇంక అయిపోయింది అనుకున్నాను. అవలేదు. ఫస్టాఫ్ ముగిసేలోపు బంగ్లా సమం చేసింది, సెకండాఫ్ మొదలవగానే ఇంకోటి వేసి 2-1. చుట్టూ చప్పుడు ఆగిపోయింది. మా వాడు మాత్రం బంతిని చూడట్లేదు. వీడు ఆడేది లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమ పక్క కాపు కాసే చోటు, అందుకని మన లెఫ్ట్ బ్యాక్‌నే పట్టుకుని కూర్చున్నాడు. "చూడు మావయ్యా, బాల్ ఆ చివరుంటే ఆడు లోపలికి ఎంత జరిగిపోతన్నాడో. నేను లైన్ దగ్గరే ఉండిపోతాను, అందుకే నా ఎనక నుంచి కొట్టేస్తారు." గుర్‌కీరత్ రెండో గోల్ వేసి సమం చేసినప్పుడు జనమంతా లేచి అరుస్తుంటే, వీడు ఎవరేశారని నన్నడిగాడు.

ఇక్కడ నా పాపం ఒకటి ఒప్పుకోవాలి. తిరుగు రైలు ఆ రాత్రే. 2-1 దగ్గర నాలో ఒక మూల, ఓడితే ఓడారు, తొంభై నిమిషాల్లో అయిపోతే రైలు అందుతుంది కదా అనుకుంది. 2-2 అయ్యాక వాచీ చూడటం మొదలుపెట్టాను. ఎక్స్‌ట్రా టైమ్, అంటే ఇంకో అరగంట ఆట, అనగానే వాడు నా మొహం చూశాడు, నేను వాడి మొహం చూశాను, ఇద్దరం లేవలేదు. తర్వాత పదే పది నిమిషాల్లో మూడు గోల్స్! హిమాంశు జాంగ్రా ఒకటి, గుర్‌కీరత్ రెండు. 5-2. ఫైనల్లో ఒక్కడే నాలుగు గోల్స్, టోర్నీ మొత్తం మీద ఎనిమిది. గొంతు పట్టేసేలా అరిచాను, నేనేనా అనిపించింది.

పది రోజులకే ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా మన ఫుట్‌బాల్ సమాఖ్యని సస్పెండ్ చేసి, ఆ నెలాఖరులోనే ఎత్తేసింది, అక్టోబరులో ఇదే స్టేడియంలో అమ్మాయిల అండర్-17 ప్రపంచకప్ మ్యాచ్‌లు కూడా జరిగాయి. ఆ మధ్య రోజుల్లో మా వాడు రాత్రీ పగలూ వార్తలే.

రైలు? వెళ్లిపోయింది. ఆటో దిగి ప్లాట్‌ఫారం మీదికి పరిగెత్తేసరికి ఎర్ర లైటు దూరంగా కనబడుతోంది. బెంచీ మీద తెల్లారింది. పొద్దున్న జనరల్ బోగీలో తలుపు దగ్గర నిలబడి బరంపురం దాకా వచ్చాం, అక్కడ ఒకాయన కాస్త జరిగితే ఇద్దరం ఒకే సీట్లో సర్దుకున్నాం.

ఇంటికి చేరేసరికి శనివారం సాయంత్రం. అక్క గుమ్మంలోనే ఉంది. గెలిచారా అని అడగలేదు, రైలు ఎందుకు తప్పిందనీ అడగలేదు. మా చేతుల వైపు చూసి "డబ్బా ఏదిరా?" అంది.