రెండు ప్లగ్గుల కేసు

మా షెడ్డులో పాత బజాజ్ పల్సర్ బైక్ ఇంజిన్ హెడ్ విప్పుతుంటే కొత్తగా చేరిన కుర్రాడు అడిగాడు: "అన్నా, ఒక్క సిలిండర్‌కి రెండు స్పార్క్ ప్లగ్గులెందుకు?" రెండు వైపుల నుంచీ స్పార్క్ పడితే పెట్రోలు త్వరగా, పూర్తిగా మండుతుందని చెప్పాను. దీని మీదే రెండు పెద్ద కంపెనీలు కోర్టుకెక్కాయంటే వాడు నమ్మలేదు.

2007లో టీవీఎస్ 125 సీసీ ఫ్లేమ్ బైక్‌ని రెండు ప్లగ్గులతో తెస్తుంటే, రెండు ప్లగ్గుల పేటెంట్ తమదంటూ బజాజ్ మద్రాస్ హైకోర్టుకి వెళ్లింది. తమ ఇంజిన్‌కి మూడు వాల్వులు (గాలి-పెట్రోలు లోపలికి, పొగ బయటికి వదిలే తలుపుల్లాంటివి), బజాజ్‌ది రెండు వాల్వులదే కాబట్టి రెండూ వేరని టీవీఎస్ వాదన. 2008 ఫిబ్రవరిలో కోర్టు రెండు ప్లగ్గుల ఫ్లేమ్‌ని ఆపేయమంది. పాపం, ఒక్క ప్లగ్గుతోనే ఫ్లేమ్‌ని మార్కెట్‌లోకి వదిలారు. 2009 మేలో అదే హైకోర్టులో ఇద్దరు జడ్జీల డివిజన్ బెంచ్ ఆ ఆర్డర్ కొట్టేసింది. సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా అమ్ముకోవచ్చంటూ, ఇలాంటి కేసులు రోజూ విచారించి నాలుగు నెలల్లో తేల్చాలంది. చివరికి 2019లో ఇద్దరూ రాజీపడ్డారు.

యాడ్‌ల గొడవల్లో ఇంత సాగతీత చూడలేదు. 2010లో రిన్ యాడ్‌లో టైడ్ ప్యాకెట్‌ని నేరుగా చూపించి తక్కువ చేస్తే, కలకత్తా హైకోర్టు రోజుల్లోనే ఆపించింది. ఇంజిన్ కేసుకీ ఆ వేగం ఉండాల్సింది. ఆలోచన ఎవరిదో తేలకపోతే ఆ డిజైన్ మీద రాత్రింబవళ్లు కూర్చున్న ఇంజినీర్లకి, ఏ కంపెనీ వాళ్లయినా సరే, అన్యాయమే కదా. నాకు బాధంతా వాళ్ల గురించే.