38 నోటు పుస్తకాలు, ఒకే తప్పు

క్లాసుకి వాట్సాప్ గ్రూపు పెట్టడం అయిదు నిమిషాల పని. తల్లిదండ్రుల నంబర్లే ఎక్కించి, పక్కన పిల్లల రోల్ నంబరు రాసుకుంటే చాలు. ఇళ్లలో ఫోను రాత్రి ఏడు దాటాకే పిల్లల చేతికొస్తుంది కాబట్టి ఏ పనికైనా రెండు రాత్రులు గడువివ్వాలి.

చిక్కంతా పదో తరగతి కటకాల పాఠం దగ్గర వచ్చింది. ఆరు లెక్కలు వాట్సాప్‌లో పెట్టి "చర్చించుకుని చేయండి" అన్నాను. మూడో రోజు 38 నోటు పుస్తకాలూ వచ్చాయి. 1/20లోంచి 1/60 తీసేస్తే 1/30 రావాలి, వీళ్లకి 1/40 అట! 38 మందీ అదే రాశారు. రాత్రి ఎనిమిదిన్నరకి ఒకడు ఫొటో పెట్టాడు, మిగతావాళ్లు మక్కీకి మక్కీ దించేశారు. దాని కింద చర్చ ఏమిటంటే, వరసగా బొటనవేళ్లు, ఒక "థాంక్స్ రా". పై ఆఫీసుకి ఆ స్క్రీన్‌షాటే పంపితే "చాలా బాగుంది" అని జవాబొచ్చింది. మెసేజీలు లెక్కపెట్టేవాళ్లకి నోటు పుస్తకంతో పనేముంది?

తప్పు పిల్లలది కాదు, నేనిచ్చిన పనిది. అందరికీ ఒకే ప్రశ్న ఇస్తే కాపీ కొట్టడమే తెలివైన పని. 1971లో అమెరికాలోని ఆస్టిన్ బడుల్లో మనస్తత్వ శాస్త్రవేత్త ఎలియట్ ఆరన్సన్ జిగ్‌సా పద్ధతి మొదలుపెట్టింది ఈ కిటుకు మీదే: పాఠాన్ని ముక్కలు చేసి పంచితే, పక్కవాడి ముక్క లేనిదే నా పని పూర్తికాదు.

అందుకే లెక్కలు మానేసి కొలతలిచ్చాను. 20 సెం.మీ. నాభ్యంతరం (దూరం నుంచి వచ్చే కిరణాలు కలిసే చోటికి కటకం నుంచి ఉన్న దూరం) ఉన్న కుంభాకార కటకం, దాన్ని నిలబెట్టే వి-స్టాండు, కొవ్వొత్తి, తెర. ఎనిమిది జట్లు వంతులవారీగా చేయాలి. వస్తుదూరం, అంటే కటకం నుంచి కొవ్వొత్తికి, 60, 50, 40, 30 సెం.మీ.; ఒక్కో దూరం రెండేసి జట్లకి, ఒకరి కొలతకి ఇంకొకరు సాక్ష్యంగా. ప్రతిబింబ దూరాన్ని, అంటే కటకం నుంచి తెరకి, గూగుల్ షీట్‌లో ఎక్కిస్తే, రెండు దూరాల లబ్ధాన్ని వాటి మొత్తంతో భాగించి చివరి గడిలో నాభ్యంతరం చూపిస్తుంది. సూత్రమున్న ఆ నిలువు వరసకి ముందే తాళం వేయండి, ఎవరో ఒకరి వేలు తగులుతుంది. చెరిగిన అంకెలు కంప్యూటర్లో వెర్షన్ హిస్టరీ (షీట్ పాత రూపాల జాబితా) తెరిస్తే దొరుకుతాయి.

"కొవ్వొత్తి 20 దగ్గర పెడితే తెర మీద ఏమొస్తుంది?" లాంటి ప్రశ్నకి వాట్సాప్ పోల్ వద్దు. ఎవరు దేనికి ఓటేశారో కనిపిస్తుంది, అందరూ ఫస్టు ర్యాంకు పిల్ల వెనకే పోతారు. టెలిగ్రామ్ క్విజ్ పోల్‌లో పేర్లు దాచొచ్చు, వేసిన ఓటు మార్చుకోలేరు.

షీట్‌లో ఏడు జట్లకి 20కి అటూ ఇటూ వచ్చింది. 60 తీసుకున్న రెండు జట్లలో ఒకదానికి 20.1, రెండోదానికి 27.3. ప్రతిబింబ దూరం 30 రావాల్సిన చోట 50 ఉంది. ఈసారి బొటనవేళ్లు లేవు. "టేపు ఎక్కణ్ణుంచి పట్టారు?" అని సాక్షి జట్టే నిలదీసింది. తొమ్మిదింటికి వాయిస్ మెసేజ్ వచ్చింది: "లెన్స్ దగ్గర్నుంచి కాదురా, బల్ల అంచు నుంచి పట్టాం." మర్నాడు మళ్లీ కొలిస్తే 30.5.