వాన రాత్రి తర్వాత ట్రామ్ డిపో

కోల్‌కతా, మంగళవారం.

రాత్రంతా కురిసి తెల్లవారుజామున తెరిపిచ్చింది. పిట్టు (బండి కింద పని చేసేందుకు తవ్విన గుంట) అడుగున జానెడు నీళ్లు. పంపు పెట్టి అవి తోడితేగానీ బండి కిందికి దిగడం కుదరలేదు. ఇక్కడి ట్రామ్‌కి పై తీగలో 550 వోల్టుల డీసీ, రోడ్డు మీద వరద, ఆ రెంటికీ మధ్య మోటారు. మోటార్లేమో ఇరుసుని ఆనుకుని నేలకి బాగా దగ్గరగా వేలాడుతుంటాయి. నీళ్లు పట్టాలు దాటి ఇరుసు దిశగా లేస్తున్నాయంటే బండి ఆపేయాల్సిందే. ఠంఠనియా, కాలేజీ స్ట్రీట్ వైపు అయితే గట్టివాన ఒక్కటి చాలు.

నిన్న సాయంత్రం నీళ్లలో చిక్కుకున్న బండి ఈ రోజు పిట్టు మీదికి వచ్చింది. ఇలాంటప్పుడు జరిగే పెద్ద తప్పు తొందరపడి కరెంటు ఇచ్చి చూడటం. తడిసిన మోటారుకి 550 వోల్టులు తగిలితే లోపలి తీగ చుట్టలోంచి బాడీకి మెరుపు కొడుతుంది, ఆ చుట్ట ఇక పోయినట్టే. ముందు కేబుల్ విప్పి 500 వోల్టుల మెగ్గర్ (కరెంటు బాడీకి కారుతోందేమో కొలిచే మీటరు) పెట్టాలి. ముల్లు అర మెగోము (మెగోము అంటే పది లక్షల ఓములు) కూడా చూపించలేదు. కనీసం ఒక మెగోము లేకుండా ఏ మోటారుకీ కరెంటు ఇవ్వకూడదు. చల్లారాక కూడా రెండు దాటితేనే నిశ్చింత.

మూత తీస్తే లోపల బురద తక్కువే. బ్రష్షుల (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు) నుంచి రాలిన పొడి మాత్రం తడిసి నల్లటి ముద్దయింది. కరెంటు దారి తప్పేది ఈ ముద్ద వెంటే. పొడిగుడ్డతో తుడిచి, సందుల్లోది మెత్తటి కుంచెతో లాగి, ఆ తర్వాతే వేడిగాలి పెట్టాలి. చుట్టల దగ్గర 80 డిగ్రీలు దాటనివ్వకూడదు, పాత వార్నిష్ పగులుతుంది. కొత్తగా వచ్చిన కుర్రాళ్లకి ముందే చెప్పాల్సిన సంగతి ఒకటుంది. వేడి ఎక్కుతున్న మొదటి గంటల్లో మెగ్గర్ రీడింగు పెరగదు, ఇంకా పడిపోతుంది. లోపలి తేమ కదిలి పైకి వస్తున్న గుర్తు అది. భయపడి ఆపేస్తే పని సగంలో చెడుతుంది. గంటగంటకీ రాసుకుంటూ పోతే ఒకచోట నిలకడగా ఆగి, అక్కడి నుంచి మెల్లగా ఎక్కుతుంది. ఈ రోజు పదకొండు గంటలకి ఆగింది, రెండింటికి లేవడం మొదలైంది.

అది ఆరుతుండగా ఇంకో మోటారు కమ్యుటేటర్ (బ్రష్షులు ఆనే రాగి ముక్కల వలయం) చూశాం. రాగి ముక్కలన్నీ ఒకే చాక్లెట్ రంగులో మెరుస్తుంటే ఆ మోటారు ఆరోగ్యం బాగున్నట్టు. వరసగా కాకుండా అక్కడక్కడ నల్లబడితే లోపల ఏదో చుట్టలో అతుకు వదులైందని అనుమానించాలి. ఈ బండిలో మైకా (రాగి ముక్కల మధ్య కరెంటు పారకుండా పెట్టే అభ్రకం) పైకి తేలింది. రాగి అరిగింది, మధ్యలోని మైకా గట్టిది కాబట్టి అరగలేదు. బ్రష్షు దాని మీద ఎగిరెగిరి పడుతూ నిప్పులు రాలుస్తోంది. హాక్సా బ్లేడు ముక్కని మైకా మందానికి సానపట్టి, ఒక్కొక్క గాడినీ మిల్లీమీటరుకి కాస్త తక్కువ లోతుకి గీకాలి. అంచుల పదును తీసి, గాజు కాగితంతో రుద్దాలి. ఎమరీ కాగితం ముట్టకూడదు. దాని పొడి కరెంటుని పారనిస్తుంది, గాడుల్లో చేరితే పక్కపక్క ముక్కల్ని కలిపేస్తుంది.

బ్రష్షు హోల్డర్‌లో తన బరువుకి తానే జారాలి. రోజూ తిరిగే బండిలో జారుతుంది. షెడ్డు చివరి లైన్లో నెలల తరబడి నిలబడి ఉన్న బండ్లలో మాత్రం వేలితో నొక్కినా కదలదు. ఈ మాట ఎన్నిసార్లు రాసినా తక్కువే: ఈ ట్రాములు ముసలివై చెడటం లేదు, నిలబెట్టడం వల్ల చెడుతున్నాయి. కదలని బేరింగులో గ్రీజు గట్టిపడుతుంది. బ్రష్షు కింద రాగి పచ్చబడుతుంది. వాడితే పుట్టే వేడికి ఎగిరిపోయే తేమంతా చుట్టల్లోనే కూర్చుంటుంది. పైగా నిలబడిన బండి మీదే అందరి కన్నూ పడుతుంది. ఈ రోజు కాంటాక్టు ఫింగర్ (కరెంటు కలిపే రాగి వేలు), రేపు కంప్రెసర్ వాల్వు ఊడదీసి తిరిగే బండికి పెడతాం, అప్పటికి వేరే దారి ఉండదు. నాలుగు నెలలకి అది అస్థిపంజరం.

పట్టాలదీ అదే కథ. రోడ్డులో పూడ్చిన గాడి పట్టాల్లో రోజూ చక్రం అంచు తిరుగుతుంటే మట్టి దానంతటదే బయటికి చిమ్ముతుంది. రెండు వారాలు బండి నడవకపోతే మట్టి, గులకరాళ్లు, తారు ముద్దలు చేరి సిమెంటులా బిగుస్తాయి. చక్రం అంచు వాటి మీదికెక్కితే బండి పట్టా తప్పుతుంది. ఈ ఉదయం డిపో ముందు పాయింటు (పట్టాలు రెండు దారులుగా చీలే చోటు) దగ్గర ఇదే బెడద. ఇనుప గడ్డపారతో నాలుకని (దారి మార్చే కదిలే పట్టా ముక్కని) నెడితే సగం దాకా వచ్చి ఆగింది. నాలుక వెనక ఇటుక ముక్క. అది తీసి, బురద గీకి, వాడేసిన నూనె పోస్తే అవతలి పక్కకి పూర్తిగా ఆనింది. సందు మిగిలిందేమో వేలు పెట్టి చూసుకోనిదే బండి వదలకూడదు.

2020 మే 20న ఉంపున్ (అంఫన్) తుపాను చెట్లని తీగల మీద పడేసినప్పుడు చాలా మార్గాలు ఆగాయి. ఆగిన వాటిలో కొన్నింటికి మళ్లీ తీగ లాగనేలేదు. 2024 సెప్టెంబరులో రాష్ట్ర రవాణా మంత్రి ఎస్ప్లనేడ్ నుంచి మైదాన్ దాకా వారసత్వ మార్గం ఒక్కటే ఉంచుతామని చెప్పారు. 1873లో గుర్రాలతో మొదలై, 1902లో కరెంటెక్కిన వ్యవస్థ ఇది. విహార యాత్రకి రెండు బండ్లు తిప్పితే ఆ రెండే బతుకుతాయి. వాటిని బాగుచేసే చేతులకి పని చాలదు, పని చాలకపోతే నేర్చుకునేవాళ్లు రారు. మద్రాసులో 1895లో మొదలైన ఎలక్ట్రిక్ ట్రామ్ 1953లో ఆగింది. మన తాతల తరం తెలుగువాళ్లు ఎక్కి తిరిగిన బండ్లవి. ఒకసారి పట్టాల మీద తారు పరిచాక ఆ ఊళ్లో మళ్లీ ఎవరూ వాటిని తవ్వలేదు.

మధ్యాహ్నం ఇంకో బండి కంట్రోలర్ (డ్రైవరు హ్యాండిల్‌తో వేగం మార్చే పెట్టె) విప్పాం. ఫిర్యాదు: మూడో నాచ్‌లో (హ్యాండిల్ మూడో మెట్టులో) కుదుపు. హ్యాండిల్ తిప్పుతుంటే రెసిస్టెన్సులు ఒక్కొక్కటే తప్పుకుంటాయి. ముందు మోటార్లు సిరీస్‌లో (ఒకదాని తర్వాత ఒకటిగా) ఉండి జంటలో ఒక్కోదానికి సుమారు 275 వోల్టులే అందుతాయి, పారలల్‌లోకి (దేనికది విడిగా తీగకి కలిసేలా) వెళ్లాకే పూర్తి వోల్టేజీ. ట్రాఫిక్‌లో నత్తలా పోవాల్సి వచ్చి డ్రైవరు మధ్య నాచ్‌లోనే హ్యాండిల్ ఉంచితే, బండి కింది రెసిస్టెన్సు గ్రిడ్లు ఎర్రగా కాలిపోతాయి. అవి కాసేపటికే పెట్టినవి. కుదుపుకి కారణం తేలింది: ఒక రాగి ఫింగర్ కొస కాలి గుంటపడింది. ఆకురాయితో సాపు చేసి, స్ప్రింగు బిగించి, ఫింగర్లు ఆనే డ్రమ్ముకి పలచగా వాసెలిన్ రాసి మూశాం. ఇలాంటి ఫింగర్లు బజార్లో దొరకవు. రాగి పట్టీ కోసి ఇక్కడే చేసుకోవాలి.

పైకప్పు మీది ట్రాలీ పోల్ (పై తీగ నుంచి కరెంటు అందుకునే గడ) తల కూడా చూశాం. గాడి ఒక పక్కకి అరిగితే మలుపులో తీగని వదిలేస్తుంది. వదిలిన పోల్ స్ప్రింగు జోరుకి పైకి లేచి అడ్డ తీగల్ని తెంపుతుంది. గాడి పెదవి కత్తిలా పలచబడితే మార్చడమే. ఇది ఇంకో నెల ఆగుతుంది.

ఇసుక పెట్టెలు రెండూ తడిశాయి. తడి ఇసుక గొట్టంలో కదలదు. తడి పట్టా మీద బ్రేకు వేసినప్పుడు ఇసుక పడకపోతే చక్రం బిగిసి జారి, ఒకచోట చదునుగా అరుగుతుంది. ఆ తర్వాత ప్రతి చుట్టుకీ టక్ టక్ మంటూ పట్టానీ బేరింగునీ కొడుతూనే ఉంటుంది. పాత ఇసుకంతా పారబోసి, రేకు మీద వేయించి జల్లించిన ఇసుక నింపాం.

సాయంత్రం ఆరింటికి తడిసిన మోటారు 3 మెగోములు చూపించింది, ఇంకా వెచ్చగానే ఉంది. రాత్రి చల్లారాక రెండుకి తగ్గకపోతే, పొద్దున నాలుగున్నరకి యార్డులో ఖాళీగా ఒక చుట్టు తిప్పి, బేరింగుల వేడి చేత్తో చూసి, మొదటి ట్రిప్పుకి పంపాలి.