నిద్రలోనే ఖర్చయ్యే బ్యాటరీ

తలుపు తెరుచుకుంటే ఫోనుకు కబురు పంపే చిన్న సెన్సార్లలో తరచుగా ఉండేది సీఆర్2032 అనే బిళ్ల బ్యాటరీ. దాని సామర్థ్యం సుమారు 225 మిల్లీయాంపియర్-అవర్లు. ఏడాదికి 8,760 గంటలు కాబట్టి, అది ఐదేళ్లు నిలవాలంటే పరికరం సగటు వాడకం 5 మైక్రోయాంపియర్లకు (మైక్రో అంటే మిల్లీలో వెయ్యో వంతు) మించకూడదు. మైక్రోకంట్రోలర్ (ఇలాంటి పరికరాన్ని నడిపే చిన్న చిప్) డిజైన్‌లో ఏ నిర్ణయానికైనా ముందు నేను వేసుకునే లెక్క ఇదే.

నిమిషానికోసారి మేల్కొని, 6 మిల్లీసెకన్ల పాటు 5 మిల్లీయాంపియర్లు తీసుకుని, మళ్లీ పడుకునే పరికరాన్ని ఊహించుకోండి. ఆ పని మొత్తానికీ పడే సగటు అర మైక్రోయాంపియర్ మాత్రమే. నిద్రలో 2 మైక్రోయాంపియర్లు పోతున్నాయంటే, బ్యాటరీలో అయిదింట నాలుగు వంతులు ఏ పనీ చేయకుండానే ఖర్చవుతున్నాయన్న మాట. ప్రాసెసర్ వేగం గురించి గంటలకొద్దీ వాదించుకునే మేము ఈ నిద్ర గురించి ఆలస్యంగా మేల్కొన్నామని ఒప్పుకోవాలి.

వోల్టేజీని సగానికి తగ్గిస్తే, చిప్‌లోని గేట్ల (చిన్న ఎలక్ట్రానిక్ స్విచ్చుల) ఒక్కో స్విచింగ్‌కు అయ్యే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. కానీ గేట్లు నెమ్మదించి పని ఎక్కువసేపు సాగుతుంది, సాగినంతసేపూ లీకేజీ, అంటే ఆపి ఉన్న స్విచ్చుల గుండా కూడా జారిపోయే కరెంటు, కారుతూనే ఉంటుంది. కాబట్టి వోల్టేజీని ఒక హద్దు దాటి తగ్గించడం నష్టమే. నిద్రలో అయితే క్లాక్ (చిప్‌ను అడుగడుగునా నడిపించే లయ సంకేతం) ఆపితే చాలదు, పని లేని చిప్ భాగానికి సరఫరానే తెంచేయాలి. 32,768 హెర్ట్జ్ క్రిస్టల్‌తో నడిచే గడియారం, మేల్కొలిపే చిన్న సర్క్యూట్, కొంత ర్యామ్ మాత్రం మెలకువగా ఉంటాయి. ఆ 'కొంత' ఎంత అన్న దగ్గరే సాఫ్ట్‌వేర్ బృందంతో మాకు పేచీ: ర్యామ్‌ను నిలబెడితే లీకేజీ, తెంచేస్తే మేల్కొన్న ప్రతిసారీ అంతా మళ్లీ నింపుకునే ఖర్చు.

ఒకసారి శాంపిల్ చిప్‌లో స్లీప్ కరెంట్ అనుకున్నదానికి వంద రెట్లు చూపించింది. రెండు రోజులు సర్క్యూట్ బొమ్మలు తిరగేశాక తేలిందేమిటంటే, నేను డీబగ్గర్ (చిప్‌లో నడిచే ప్రోగ్రామ్ తప్పులు వెతికే పరికరం) తీగ పీకకుండానే కొలుస్తున్నాను. అది తగిలించి ఉన్నంతసేపూ చిప్ పూర్తిగా నిద్రలోకి జారలేదు. తీగ తీయగానే అంకె దారికొచ్చింది. ఆ రెండు రోజుల సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు.

అసలు చిక్కు ఎండ. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా లీకేజీ ఇంచుమించు రెట్టింపవుతుంది. డాబా మీది నీళ్ల ట్యాంకుకు బిగించిన సెన్సార్ పెట్టె మే నెల మధ్యాహ్నం 55 డిగ్రీలకు చేరిందనుకుంటే, 25 డిగ్రీల దగ్గర 1 మైక్రోయాంపియర్ ఉన్న లీకేజీ 8కి చేరుతుంది. ఆ వేడి ఏడాదంతా ఉండదు గానీ, ఉంటే కాగితం మీద పదేళ్లు పలికిన బ్యాటరీ మూడేళ్లు కూడా రాదు. అందుకే ఏ డేటాషీట్ (చిప్ వివరాల పత్రం) చేతికొచ్చినా మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో వేసిన స్లీప్ కరెంట్ అంకెను దాటేసి, లోపలి పట్టికలో 85 డిగ్రీల వరుస ఎక్కడుందో వెతుకుతాను.