పడుకుంటే 122, లేస్తే 94

మూడు వారాల జ్వరం తగ్గాక మొదటిసారి మంచం దిగాను. రెండడుగులు వేశానో లేదో కళ్లు బైర్లు కమ్మాయి. చెవుల్లో హోరు, గుండె దడదడ. గోడ పట్టుకుని అలాగే కిందికి జారిపోయాను. పడుకున్న కాసేపటికి అంతా సర్దుకుంది. మర్నాడూ అంతే. గుండె జబ్బేమోనన్న టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

డాక్టర్ గారు నన్ను ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూశారు: 122/78, నాడి నిమిషానికి 74. నిలబెట్టి మూడు నిమిషాల లోపు మళ్లీ చూశారు: 94/64, నాడి 112. నిలబడ్డాక పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే దాన్ని ఆర్థోస్టాటిక్ హైపోటెన్షన్ అంటారట. ఈసీజీ బాగానే ఉంది. నన్ను భయపెట్టిన ఆ 112 చూసే ఆయన తేలికపడ్డారు. "మీ మెదడు కాండం దాని పని అది చేస్తోందమ్మా" అన్నారు.

ఆ మాటకు అర్థం ఓపిగ్గా చెప్పించుకున్నాను. మెదడు కాండం అంటే మెదడును వెన్నుపాముతో కలిపే భాగం. లేచి నిలబడగానే సుమారు అర లీటరు రక్తం పొట్టలోకి, కాళ్లలోకి దిగుతుంది. మెడలో కరోటిడ్ ధమని చీలే చోట, గుండె పైనున్న బృహద్ధమని వంపులో, గోడ ఎంత సాగిందో కనిపెట్టే నరాల కొసలు ఉంటాయి. ఒత్తిడి తగ్గితే గోడ సాగడమూ తగ్గుతుంది, అవి పంపే సంకేతాలూ తగ్గుతాయి. తొమ్మిదో, పదో కపాల నాడుల (మెదడుకు నేరుగా కలిసే నరాల) ద్వారా వచ్చే ఆ సంకేతాలు పలచబడగానే, మెదడు కాండం అడుగున ఉన్న మెడుల్లా మేల్కొంటుంది. గుండెను నెమ్మదిగా ఉంచే వేగస్ నరం పట్టు సడలిస్తుంది, ఒంటిని అప్రమత్తం చేసే సింపథెటిక్ నరాలతో రక్తనాళాలను బిగింపజేస్తుంది. ఒకటి రెండు గుండె చప్పుళ్లలోనే ఇది మొదలైపోతుంది!

నాకు తక్కువైంది రక్తం పరిమాణం. జ్వరం, మంచాన పడి ఉండడం కలిసి ఒంట్లో నీటిని తగ్గించేశాయి. మెడుల్లా ఎంత బిగించినా నాళాలు నిండలేదు, అందుకే గుండె అంతలా కొట్టుకుంది. బీపీ అంత పడి కూడా నాడి పెద్దగా పెరగకపోయి ఉంటే, నరాల జబ్బేమోనని వెతకాల్సి వచ్చేదట.

నీళ్లు బాగా తాగమన్నారు. లేచే ముందు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని, పిక్కలు బిగించి వదలమన్నారు. ఓపిక పట్టలేక గబుక్కున లేచి మరో రెండుసార్లు తూలాను. ఐదో వారంలో నిలబెట్టి చూస్తే 116/76, నాడి 88. ఆ సాయంత్రం ఎవరి చెయ్యీ పట్టుకోకుండా స్నానానికి వెళ్లాను.